తొమ్మిది కప్పుల మిల్లీగ్రాము

ఆమెను అందరూ మిల్లీగ్రాము అనే పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది జీతం రసీదుల మీదా ఆసుపత్రి చీటీల మీదా తప్ప ఎక్కడా కాపురం చెయ్యలేదు. త్రాసులు బాగుచేసే కార్ఖానాలో చేరిన మొదటి వారమే, ఒక మందుల కంపెనీ నుంచి వచ్చిన త్రాసు ఒక్క మిల్లీగ్రాము ఎడమకి వాలుతోందని ఆమె పట్టుకుంది. అప్పటికే ముగ్గురు మగవాళ్ళు దాన్ని చూసి లక్షణంగా ఉందన్నారు. ఆ సాయంత్రానికి ఆమె పేరు మారిపోయింది.

ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి మానుకున్న మనిషి. భారీ మనిషి. ఒకనాడు వాన వస్తోందని గొడుగు పట్టుకుని కార్ఖానా గేటు దగ్గరికి వచ్చాడు. లోపలివాళ్ళు ఆయన్ని చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఒక్క మాటైనా అనుకోకుండానే క్వింటాలు అని ఖాయం చేసేశారు. భార్యాభర్తల మధ్య ఎన్ని సున్నాల తేడా ఉందో కాటా తమ్ముడు సుద్దముక్కతో గోడ మీద లెక్క కట్టాడు. ఎనిమిది అని తేలింది. తరవాత ఎప్పుడో భర్త ఆ గోడ చూసి, "ఒక సున్నా ఎక్కువేసినట్టున్నారు" అని మాత్రం అన్నాడు.

కాటా తమ్ముడంటే ముందు హాల్లో బస్తాలు తూచే పెద్ద కాటాల పని చూసేవాడు. ఎవరికి తమ్ముడో ఎవరికీ తెలియదు. నలభై ఆరేళ్ళు వచ్చినా అందరికీ తమ్ముడే. ఆ హాలంతా ఇనుప చప్పుడు, గ్రీజు వాసన, ఎడతెగని కబుర్లు. అక్కణ్ణుంచి సన్నటి నడవ దాటి వెనక్కి వెళితే, చివర, గాజు గది.

గాజు గదికి ఫ్యాను లేదు. గాలి కదిలితే త్రాసు ముల్లు కదులుతుంది. కిటికీకి తెల్లటి తెర ఎప్పుడూ వేసే ఉంటుంది, ఎందుకంటే ఎండ ఒక పక్కనే పడితే ఆ పక్క ఇత్తడి వెంట్రుకవాసి సాగుతుంది. లోపల గట్టిగా మాట్లాడకూడదు, నవ్వకూడదు, తుమ్మొస్తే బయటికి పరిగెత్తాలి. కార్ఖానా యజమాని, అందరూ పెద్దాయన అనే ముసలాయన, తలుపు మీద తన చేత్తోనే రాసిపెట్టాడు: "లోపల ఊపిరి కూడా బరువే."

మిల్లీగ్రాము ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటోంది. గాజు పెట్టెలో త్రాసు, త్రాసు ముందు ఆమె, ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఒకరినొకరు చూసుకుంటారు. ముల్లు అటూ ఇటూ ఊగి, ఊగి, నిద్ర పట్టిన పసిపిల్ల చెయ్యిలా మెల్లగా నడిమికి జారి ఆగుతుంది. ఆ ఆగే క్షణం ఆమెది. ఇంట్లో తాళంచెవి ఎక్కడుందో, కత్తెర ఎక్కడుందో, పక్కింటివాళ్ళకి ఏం సమాధానం చెప్పాలో అందరూ ఆమెనే అడుగుతారు. బస్సులో పక్కనున్నవాళ్ళు టైమెంతైందని కూడా ఆమెనే అడుగుతారు, వాళ్ళ చేతికి వాచీ ఉన్నా సరే. గాజు గదిలో మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అడిగితే ముల్లు కదులుతుంది. జీతం కోసం వస్తున్నానని ఆమె అందరికీ చెప్పేది. నిజానికి ఆ నిశ్శబ్దం కోసం వచ్చేది.

ఆ గదికి ఇంకో చట్టం కూడా ఉంది: ఒక త్రాసుకి ఒక చెయ్యి. త్రాసు దండికి రెండు కొసలా చిన్న చిన్న మరలు ఉంటాయి, వాటిని తిప్పి సరిచేస్తారు. వెనకటికి ఇద్దరు పనివాళ్ళు ఒకే త్రాసుని ఒకరికి తెలియకుండా ఒకరు సరిచేశారు. ఒకడు పొద్దున ఎడమ మర తిప్పాడు, ఇంకొకడు మధ్యాహ్నం కుడి మర తిప్పాడు. ఇద్దరూ మంచి పనివాళ్ళే కాబట్టి త్రాసు మూడు రోజుల్లో పూర్తిగా పాడైంది. అప్పటి నుంచి, పని మొదలుపెట్టినవాళ్ళు త్రాసు పెట్టెకి ఎర్రదారం కడతారు. దారం ఉంటే పెద్దాయన కూడా చెయ్యి పెట్టడు.

ఇంత నిశ్శబ్దానికి ఆమె బయట చెల్లించిన మూల్యం కాఫీ. రోజుకి తొమ్మిది కప్పులు. గదిలోకి ఆవిరి తేకూడదు గనక ప్రతి కప్పుకీ లేచి, నడవ దాటి, ముందు హాల్లో కాటా తమ్ముడు స్టవ్ మీద కాచేదాన్ని నిలబడి తాగి, వెనక్కి వచ్చేది. పొద్దున్నే ఇంట్లో మూడు: ఒకటి కళ్ళు తెరవడానికి, ఒకటి కాళ్ళు నడవడానికి, మూడోది మొదటి రెండూ పనిచేశాయా లేదా చూసుకోవడానికి. కార్ఖానాలో నాలుగు. సాయంత్రం ఇంటికొచ్చాక రెండు. తొమ్మిదోది తాగాక హాయిగా నిద్రపోయేది. కాఫీ ఆమెను లేపడం ఏనాడో మానేసింది. అది లేకపోతే మాత్రం పడిపోయేది. పాత ఇంటికి దన్నుగా పెట్టిన దుంగలా ఉండేది దాని వ్యవహారం.

ఒకరోజు మధ్యాహ్నం గాజు గదిలో ఒక చప్పుడు వినిపించింది. చాలా చిన్న చప్పుడు, వాన మొదటి చినుకు రేకు మీద పడ్డట్టు. ఆమె తల ఎత్తి చూసింది. గదిలో ఎవరూ లేరు. మళ్ళీ వినిపించింది. ఆమె చేతిలోని సన్నటి పట్టకారు, దాని కొసన ఉన్న గ్రాము రాయి, ఒకదానికొకటి తగులుకుని ఆ చప్పుడు చేస్తున్నాయి. ఆమె తన చేతిని పరాయి మనిషిని చూసినట్టు చూసింది. చెయ్యి వణుకుతోంది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా పెద్దాయనకి తెలిసింది. గాజు గదికి ఉన్న ఇబ్బంది అదే కదా, బయటికి కనిపిస్తుంది.

"తూనికల ఆఫీసువాళ్ళు ఇంక ఆరు వారాల్లో వస్తారమ్మాయ్," అన్నాడు. ఆ ఆఫీసువాళ్ళు మూడేళ్ళకోసారి వచ్చి, త్రాసులనే కాదు, త్రాసు సరిచేసే చేతిని కూడా పరీక్షిస్తారు. నెగ్గితే మూడేళ్ళకి ముద్ర వేస్తారు.

"తెలుసు బాబాయ్."

"ముద్ర లేని చెయ్యి ఆ గదిలో కూర్చోకూడదు. ఇంకొకళ్ళని తయారుచేసే ఓపిక నాకు లేదు. గాజులు తీయించి ఆ చోటు కాటాల్లో కలిపేస్తాను. నీకు పని పోదులే, కంగారుపడకు. ముందు హాల్లో కూర్చుందువు గాని."

"ముందు హాల్లో అందరూ మాట్లాడతారు కదా బాబాయ్."

పెద్దాయన అబద్ధం ఆడే మనిషి కాదు. "మాట్లాడతారు," అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు ఆమెను చేతులు చాపమని, వేళ్ళ మీద ఒక కాగితం పెట్టి చూశాడు. కాగితం రెపరెపలాడింది.

"కాఫీ తాగుతారా?"

"తాగుతాను."

"ఎన్ని?"

"తొమ్మిది."

"వారానికా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. డాక్టరు కలం కింద పెట్టాడు. "చూడండమ్మా, ఈ వణుకులో కాఫీ వాటా కొంత, వయసు వాటా కొంత. వయసు తగ్గించడం నా చేతిలో లేదు. కాఫీ తగ్గించడం మీ చేతిలో ఉంది. ఒక్కసారిగా మానకండి, తల పగిలిపోతుంది. కొంచెం కొంచెం తగ్గించండి."

కొంచెం కొంచెం అన్న మాటని లోకంలో అందరికంటే గంభీరంగా తీసుకునే మనిషికి చెబుతున్నానని పాపం ఆ డాక్టరుకి తెలియదు.

ఆదివారం పొద్దున ఆమె ఒక్కతే కార్ఖానాకి వెళ్ళి, గాజు గది తలుపేసుకుని, కాఫీ పొడిని తూచింది. మామూలుగా ఆమె కప్పుకి పట్టేది ఎనిమిది గ్రాములు. మొదటి వారం ఏడు, రెండో వారం ఆరు, అలా వారానికి ఒక గ్రాము. కప్పులు మాత్రం తగ్గించదు. పరీక్ష నాటికి కప్పుకి రెండు గ్రాములు మిగులుతుంది, ఆ తరవాత సంగతి ఆ తరవాత. అరవై మూడు పొట్లాలు కట్టింది. ఒక్కొక్కటీ ఏడు గ్రాములు, చుక్క తరవాత మూడు సున్నాలు. మధ్యలో ఒక పొట్లంలో రెండు మిల్లీగ్రాములు ఎక్కువ పడితే, పట్టకారుతో ఒక్క నలుసు తీసేసింది. మధ్యాహ్నానికి గదంతా కాఫీ వాసన. ఆ వాసన మధ్య, ఒక్క గుక్క కూడా తాగకుండా, ఆమె విరహంలో ఉన్నదానిలా కూర్చుంది.

ఇంట్లో బల్ల మీద పొట్లాలు వరసగా పేర్చి చెప్పింది. "ఒక్కో కప్పుకి ఒక్కో పొట్లం. విప్పడం, వేడినీళ్ళలో వెయ్యడం, వడకట్టడం. అంతే."

ఆమె కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. పొట్లం ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "మామూలు మనుషులైతే రెండు చెంచాలు వేసే చోట ఒక చెంచా వేస్తారమ్మా."

"చెంచాకీ చెంచాకీ తేడా ఉంటుంది."

"ఏ చెంచాతో ఎవరు తాగినా రాత్రి మెలకువొస్తుంది, పొద్దున తలనొప్పొస్తుంది. దానికింత శాస్త్రమా?"

"ఏవండీ, మీరు కూడా వినండి. పొద్దున కాఫీ పెట్టేది మీరు కదా. నా లెక్కలో చెయ్యి పెట్టొద్దు."

"నేనెందుకు పెడతాను!" అన్నాడు భర్త, నిమ్మకు నీరెత్తినట్టు.

ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపాడు. ఎక్కడికైనా సరే టైముకంటే ముందే చేరాలన్నది ఆయన ఏకైక సిద్ధాంతం. దాని మూలంగా ఎంతమంది ప్రయాణికులు స్టాపుల్లో మిగిలిపోయారో ఆయనకి తెలియదు, ముందుకు చూసి నడిపేవాడు గనక.

మర్నాడు, కార్ఖానాలో తాగే కప్పులకి వారానికి సరిపడా పొట్లాలు తెచ్చి కాటా తమ్ముడి చేతిలో పెట్టింది. అతను వాటిని స్టవ్ పక్కన డబ్బాలో దాచాడు. "నీ చెయ్యి బాగుపడాలక్కా," అన్నాడు మనస్ఫూర్తిగా. "ఆ గది పోతే నువ్వొచ్చి నా పక్కన కూర్చుంటావు. అప్పుడు నేను పాటలు పాడుకోలేను."

మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. మూడో రోజు పొద్దున లేచేసరికి తలలో ఎవరో ఇల్లు మారుతున్నారు. కణతల వెనక బల్లలు జరుపుతున్నారు, మంచాలు విప్పుతున్నారు, బీరువాని మెట్ల మీదుగా దింపుతున్నారు. మధ్యాహ్నానికి సామానంతా కళ్ళ వెనక పోగుపడింది. నాలుగో రోజు బస్సులో నిద్రపోయి చివరి స్టాపు దాకా వెళ్ళింది. అయిదో రోజు సబ్బు చేతిలోంచి జారిందని ఏడ్చింది. ఏడుస్తున్నంతసేపూ, ఇది సబ్బు గురించి కాదని ఆమెకి తెలుసు. అయినా సబ్బునే తిట్టింది. కాలుగాలిన పిల్లిలా నడవలో తిరిగేది. లోకమంతా తడిగుడ్డలో చుట్టి ఎక్కడో దూరంగా పెట్టినట్టుండేది, దాన్ని చేరాలంటే మెత్తటి, బూడిదరంగు దారి ఒకటి నడవాలి, నడిచే ఓపిక లేదు.

రోజూ చిన్న పుస్తకంలో రాసుకునేది. "ఏడు గ్రాములు. తలనొప్పి." "ఏడు గ్రాములు. విపరీతమైన తలనొప్పి." రెండో వారానికి మళ్ళీ ఆదివారం పొట్లాలు కట్టి, కొన్ని ఇంట్లో, కొన్ని కార్ఖానాలో పెట్టింది. "ఆరు గ్రాములు. ఎవరినైనా కొట్టాలని ఉంది."

చెయ్యి తగ్గకపోగా ఎక్కువ వణికింది. ఆమె లెక్క చూసుకుంది. ఎనిమిదిలో రెండు గ్రాములే కదా తగ్గించింది, పావు వంతు. పావు వంతుకే ప్రాణం ఇలా ఉంటే, సగానికి ఎలా ఉంటుంది? ముప్పావుకి మనిషి మిగులుతుందా? ఆమె తన లెక్కని ఎన్నడూ అనుమానించిన మనిషి కాదు. అనుమానించాల్సింది తనని తానే అనుకుంది. అందరూ తేలిగ్గా మానేసే దాన్ని మానలేని బలహీనురాలు, అంతే. ఇది గాజు గదికి పనికిరాని చెయ్యి.

పదో రోజు మధ్యాహ్నం పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. "బాబాయ్, పరీక్ష దాకా వద్దు. గది అప్పగించేస్తాను. రేపటి నుంచి ముందు హాల్లో కూర్చుంటాను."

పెద్దాయన ఆమె మొహం చూశాడు. ఆ మొహంతో వాదించేంత ధైర్యం ఆయనకి లేదు. "సరే. బల్ల సర్దు," అన్నాడు.

బల్ల అప్పగించేటప్పుడు ఆ కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉంది. ఆఖరిసారిగా ఏదో ఒకటి తూచి, ఆ తూకం బల్ల పుస్తకంలో రాసి, సంతకం పెట్టి లేవాలి. త్రాసు మంచి స్థితిలో అప్పజెప్పినట్టు రుజువు. ఆమె గదిలోకి వెళ్ళి చుట్టూ చూసింది. రాళ్ళన్నీ పెట్టెలో సర్దేసింది, మళ్ళీ తియ్యబుద్ధి కాలేదు. ముందు హాల్లోకి వెళ్ళి, స్టవ్ పక్క డబ్బాలోంచి తన మధ్యాహ్నం పొట్లం తెచ్చుకుంది. ఆరు గ్రాములు. తన చేత్తో తూచి కట్టిందే. తూకం అయ్యాక ఆ పొడి కాయించుకు తాగి పోవచ్చు కూడా. కాగితం ఎంత బరువో ఆమెకు కంఠతా వచ్చు.

త్రాసు ఆగింది. ఆరు గ్రాముల ఏడువందల నలభై మిల్లీగ్రాములు.

ఆమె త్రాసుని ఖాళీగా ఆడించి చూసింది. ముల్లు సరిగ్గా నడిమిన ఆగింది. మళ్ళీ తూచింది. ఆరు, ఏడువందల నలభై. తగ్గిస్తున్న మనిషి పొట్లం పెరుగుతోంది.

పొట్లం విప్పి వేలితో ముట్టుకుని నాలుక మీద పెట్టుకుంది. తరవాత గాజు తలుపు తెరిచి, గుమ్మంలో నిలబడి, నడవ చివరికి వినబడేలా పిలిచింది. ఇరవై రెండేళ్ళలో ఆ గుమ్మంలోంచి అంత పెద్ద గొంతు ఎప్పుడూ రాలేదు.

"ఒరేయ్ తమ్ముడూ! ఇటు రా!"

కాటా తమ్ముడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పొట్లం చూశాడు, త్రాసు చూశాడు, ఆమెను చూశాడు.

"అందులో ఏముందిరా?"

"కాఫీ పొడి అక్కా."

"ఇంకా?"

"కొంచెం... వేయించిన బార్లీ."

"ఎంత కొంచెం?"

"సగం పొడి తీసేశాను. రంగు పల్చబడుతుందని బార్లీ వేశాను. కంటి అంచనా మీద వేశాన్లే, నాకు నీలాగా చుక్క తరవాత సున్నాలు రావు. నువ్వు అవస్థ పడుతున్నావని, తొందరగా అయిపోతుందని..."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"ఒక త్రాసుకి ఎన్ని చేతులురా?"

"ఒకటే. కానీ పొట్లాలకి నువ్వు ఎర్రదారం కట్టలేదు కదక్కా. కట్టి ఉంటే ముట్టుకునేవాణ్ణా?" అన్నాడు, నిజంగానే నొచ్చుకుని.

ఆమె పెద్దాయనతో ఒక్కరోజు గడువు అడిగి ఇంటికి వెళ్ళింది. వెళుతూ పాత చిన్న త్రాసు ఒకటి సంచిలో పెట్టుకుంది. ఇంట్లో సాయంత్రం పొట్లాలు రెండు బల్ల మీద పెట్టి తూచింది. ఒకటి మూడు గ్రాముల తొమ్మిదివందలు. ఇంకొకటి నాలుగు చిల్లర.

"అందరూ శాకాహారులే," అంది భర్తనీ కూతుర్నీ మార్చి మార్చి చూస్తూ. "మరి బుట్టలో రొయ్యలు ఏమైనట్టు?"

భర్త కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. దారి ఖాళీగానే ఉంది. "రెండు వేళ్ళకి వచ్చినంత తీశాను," అన్నాడు చివరికి. "ఒక్కో దాంట్లోంచి. ఆరు వారాలెందుకు, నాలుగు వారాల్లో చేరిపోతావని."

"తీసింది ఏం చేశారు?"

"పారేస్తామా? నా కాఫీలో వేసుకున్నాను. అందుకే చూడు, పది రోజుల నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. గుండె దడదడ. నీ కోసం నేను పడ్డ బాధ నీకేం తెలుసు!"

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వెందుకు నవ్వుతున్నావే?"

"నాన్నా, ఆ పొట్లాల్లో కాఫీ లేదు. అంటే ఉంది గానీ, కెఫీన్ తీసేసిన పొడి. మా షాపులో దొరుకుతుంది. రెండో రోజే ఇంట్లో ఉన్న పొట్లాలన్నీ విప్పి మార్చేశాను, ఈ వారంవి కూడా. అమ్మ మళ్ళీ తూస్తుందేమోనని బరువు కూడా సరిగ్గా చూసి కట్టాను, షాపు త్రాసు మీద."

"అయితే నాకు నిద్ర ఎందుకు పట్టలేదు?"

"అది నాకేం తెలుసు?"

ఏమీ లేని దాంట్లోంచి తాను పది రోజులుగా దొంగతనం చేస్తున్నట్టు అర్థం కావడానికి భర్తకి కొంచెం టైము పట్టింది. "ముందే చెప్పి ఉంటే పడుకునేవాణ్ణి కదా," అన్నాడు.

మిల్లీగ్రాము వాళ్ళని కోప్పడలేదు. కాగితం తీసుకుని లెక్క వేసింది. ఇంట్లో అయిదు కప్పులు, అందులో కెఫీన్ లేదు. కార్ఖానాలో నాలుగు, అందులో సగం. తన పుస్తకంలో పావు వంతు తగ్గినట్టు రాసి ఉంది. నిజానికి రెండో రోజు నుంచే ముప్పావు వంతుకి పైనే పోయింది. కొండ మీంచి మెట్టు మెట్టుగా దిగుతున్నాననుకుంది, ముగ్గురు కలిసి ప్రేమగా తోసేశారు. కింద పడి, ఎముకలు లెక్కపెట్టుకుంటూ, మొదటి మెట్టు దగ్గరే ఇంత నొప్పా అని ఇన్నాళ్ళూ ఏడ్చింది.

అప్పుడు ఇంకో సంగతి గమనించింది. తలనొప్పి పొద్దున్నుంచీ లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. తలలో ఇల్లు మారినవాళ్ళు తలుపు తాళం వేసుకుని వెళ్ళిపోయినట్టున్నారు. ఖాళీ గదుల్లా ఉంది లోపల.

మర్నాడు పెద్దాయనకి చెప్పింది. "గది అప్పగించడం లేదు బాబాయ్. పరీక్షకి కూర్చుంటాను."

"ఏమైంది?"

"అందరూ తలా ఒక చెయ్యి వేశారు."

"సరే, వెళ్ళి కూర్చో," అన్నాడు పెద్దాయన.

ఆ తరవాత ఆమె పొట్లాలు కట్టలేదు. పొద్దున్నే ఒక్క కప్పు, అసలైన పొడి, ఎనిమిది గ్రాములు, తనే కాచుకుని కిటికీ దగ్గర కూర్చుని తాగేది. మిగతా ఎనిమిదీ వదిలేసింది. భర్త ఆ కప్పు వైపు చూడకుండా పక్క గదిలోకి వెళ్ళిపోయేవాడు, చెయ్యి ఊరుకోదని. కార్ఖానాలో కప్పు కోసం లేచే నాలుగు వేళలూ ఇంకా వచ్చేవి. శరీరం లేవబోయేది. నడవకి అవతల ఎవరూ తన కోసం ఏమీ కాచడం లేదని గుర్తొచ్చి, కూర్చునేది. మొదట్లో ఆ వేళలు పన్ను ఊడిన చోటులా ఉండేవి. తరవాత తరవాత, మధ్యాహ్నం చాలా పొడుగైందని ఆమెకి తెలిసింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె మధ్యాహ్నాన్ని ముక్కలుగానే చూసింది. ఇప్పుడు అది తెల్లటి తెర వెనక ఒకే చెరువులా, ఒడ్డు కనిపించకుండా, పరుచుకుని ఉంది.

చెయ్యి మాత్రం ఆగలేదు. తగ్గింది, నిజమే. పట్టకారు చప్పుడు రోజుకి పదిసార్లు వినిపించేది, ఇప్పుడు రెండు మూడుసార్లు. కానీ ఆగలేదు. డాక్టరు చెప్పిన వయసు వాటా అలాగే ఉంది. దాన్ని పొట్లాలు కట్టి తగ్గించే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. పరీక్షకి మూడు రోజుల ముందు ఆమె వేళ్ళ మీద కాగితం పెట్టుకుని చూసుకుంది. కాగితం కొసలు మెల్లగా, చేప మొప్పల్లా కదిలాయి.

తూనికల ఆఫీసు అధికారి పొద్దున పదింటికి వచ్చాడు. కుర్రవయసు దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, సీలు వేసిన చెక్కపెట్టె. గాజు గదిలోకి వెళ్ళి, ఎవరినీ చూడనివ్వకుండా త్రాసు మరలు రెండూ ఇష్టమొచ్చినట్టు తిప్పి చెడగొట్టాడు. దాన్ని ఆమె సరిచెయ్యాలి. చేశాక, తన పెట్టెలోని ఒక్క మిల్లీగ్రాము రాయిని, రాయి అనడమే గానీ మూల వంచిన చిన్న రేకు ముక్క, అది గోరులో సగం ఉండదు, దాన్ని పట్టకారుతో పళ్ళెం నడిమిన పెట్టి తూకం చదవాలి. రేకు జారినా, పళ్ళేనికి పట్టకారు తగిలినా పరీక్ష పోయినట్టే.

మరలు సరిచెయ్యడం చప్పున అయిపోయింది. అధికారి గోడ పక్క స్టూలు మీద కూర్చుని అట్ట మీది కాగితంలో ఏదో రాసుకున్నాడు. ముందు హాల్లో ఆ రోజు ఇనుప చప్పుడు లేదు. కాటా తమ్ముడు సుత్తి కింద పెట్టేసి నడవ మొదట్లో నిలబడ్డాడు, పాట లేదు.

ఆమె రేకుని పట్టకారుతో ఎత్తింది. పెట్టె కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టింది. కొస వణికింది.

ఆమె చెయ్యి వెనక్కి తీసి, ఆగింది.

ఇదివరకైతే ఆగేది కాదు. ఇదివరకు ప్రతి పనికీ అవతల ఒక కప్పు ఉండేది. ఏ త్రాసు ముందు కూర్చున్నా సగం ప్రాణం నడవకి అవతల, స్టవ్ దగ్గర నిలబడి ఉండేది. ఇప్పుడు అవతల ఏమీ లేదు. వెళ్ళవలసిన చోటు లేదు. ఆమె తన చేతిని చూస్తూ కూర్చుంది. వణుకు వస్తుంది, కొంచెంసేపు ఉంటుంది, పోతుంది. మళ్ళీ వచ్చేలోపు ఒక ఖాళీ. అలకి అలకి మధ్య నీళ్ళు క్షణం పాటు అద్దమైనట్టు. ఆ ఖాళీ ఎంతసేపుంటుందో, ఎంతకోసారి వస్తుందో ఆమె చూసింది. అయిదు నిమిషాలు చూసింది. పది నిమిషాలు చూసింది.

"ఏమైనా ఇబ్బందా అండీ?" అన్నాడు అధికారి.

ముల్లు కదిలింది. ఆమె అతని వైపు తల తిప్పలేదు, జవాబు చెప్పలేదు. ముల్లు ఊగి ఊగి సర్దుకునే దాకా మళ్ళీ మొదటి నుంచి కూర్చుంది. అధికారికి అప్పుడు అర్థమైంది. తలుపు మీద రాసింది ఒకసారి చదువుకుని నోరు మూసుకున్నాడు, కాసేపటికి తనకి తెలియకుండానే ఊపిరి కూడా చిన్నగా పీల్చడం మొదలుపెట్టాడు. తెర మీద ఎండ బెత్తెడు జరిగింది.

నలభై నిమిషాల తరవాత ఆమె చెయ్యి లోపలికి వెళ్ళింది, ఖాళీ వచ్చింది, రేకు పళ్ళెం నడిమిన, మంచు రాలినంత చప్పుడుతో కూర్చుంది. ఆమె తూకం చదివింది. అధికారి వచ్చి భూతద్దంలోంచి చూశాడు. మళ్ళీ చూశాడు. తన కాగితం ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఎంత తేడా రావచ్చో రాసి ఉంది. ఎంతసేపట్లో చెయ్యాలో ఎక్కడా రాసి లేదు. ఆ కాగితం తయారుచేసినవాళ్ళకి ఆ ఆలోచన వచ్చినట్టు లేదు.

బయటికి వచ్చి పెద్దాయన బల్ల దగ్గర ముద్ర వేస్తూ అడిగాడు. "ఆవిడ ఎప్పుడూ ఇంతసేపేనా?"

"లేదు బాబూ. ఇదివరకు తొందరగానే చేసేది."

"మరి ఇప్పుడు?"

"కాఫీ తగ్గించింది," అన్నాడు పెద్దాయన.

అధికారి ఈ రెండింటికీ సంబంధం ఏమిటని అడగబోయి, ఎందుకో మానుకున్నాడు. కాటా తమ్ముడు ఆయనకి కాఫీ తెచ్చి ఇచ్చాడు. ఒక గుక్క తాగి, కప్పులోకి చూసి, రుచి వింతగా ఉందన్నాడు. బార్లీ ఇంకా డబ్బా నిండా మిగిలి ఉంది, ఎక్కడో ఒక చోట అవ్వాలి కదా.

పెద్దాయన ముద్ర వేసిన కాగితం పట్టుకుని నడవ దాటి వెళ్ళాడు. గాజు గదిలో మిల్లీగ్రాము ఇంకా అక్కడే కూర్చుని ఉంది. ఆయన గాజు మీద వేలితో మెల్లగా తట్టాడు. ఆమె తల తిప్పకుండా, కొంచెం ఆగమని ఒక వేలు పైకెత్తి చూపించింది.

వేలు సన్నగా వణుకుతోంది. పెద్దాయన ఆగాడు.